వాయిదా ఖర్చు ఎవరిది?

కొన్నేళ్ళ క్రితం కోర్టు వరండాలో నా కక్షిదారు ఒకామె ఒక కోరిక కోరింది. ఆమెది విశాఖపట్నంలోని పెదజాలారిపేట. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరులో వేలం పాటలో కవళ్ళో కానాగంతలో, దొరికిన చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నం దాకా వీధులు తిరిగి అమ్ముకునేది. వదిలిపెట్టి వెళ్ళిపోయిన భర్త నుంచి మనోవర్తి రాబట్టడానికి వేసిన కేసులో నేను ఆమెకు ఉచిత న్యాయ సహాయం కింద నియమితురాలినైన వకీలును. "అమ్మా, వచ్చే వాయిదా ఏదో కార్తీకమాసంలో పడేటట్టు సూడండమ్మా. అప్పుడైతే సేపలు కొనేవోలుండరు, నానూ ఖాళీగానే ఉంతాను" అంది. నేను నవ్వేసి, కోర్టు వాయిదాలు పంచాంగం చూసి వేయరని చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు నాకు హాస్యంగా తోచిన ఆ మాటలో నా వృత్తి మీద ఎంత పెద్ద ఫిర్యాదు ఉన్నదో అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఈ వ్యాసం ఆ ఫిర్యాదు గురించే.

పేదవాడికి న్యాయం అందకపోవడానికి కారణం వకీలుకు ఫీజు ఇచ్చుకోలేకపోవడమేనని మన వ్యవస్థ మొదటి నుంచీ భావిస్తూ వచ్చింది. ఆ భావన తప్పని నేననను, కానీ అది సగమే నిజం. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణం, ఆర్థిక కారణాల వల్ల గానీ మరే ఇతర అశక్తత వల్ల గానీ ఏ పౌరుడికీ న్యాయం పొందే అవకాశం లేకుండా పోరాదనీ, అందుకు ప్రభుత్వం ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలనీ ఆదేశించింది. న్యాయ సేవల అధికార సంస్థల చట్టాన్ని పార్లమెంటు 1987లో చేసింది, అది అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబరు 9న. పేదల కోసం చేసిన చట్టమే ఎనిమిదేళ్ళు వాయిదా పడిందన్నమాట. ఏటా నవంబరు 9న మేము న్యాయ సేవల దినోత్సవం జరుపుకుంటాం, బ్యానరు కడతాం, ఉపన్యాసాలు ఇస్తాం. ఆ ఎనిమిదేళ్ళ సంగతి ఆ ఉపన్యాసాల్లో నేనెప్పుడూ వినలేదు.

చట్టం చేసిన మేలును తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. 12వ సెక్షను ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలవారు, షెడ్యూల్డు తెగలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, వరదలు, భూకంపాలు, పారిశ్రామిక దుర్ఘటనల బాధితులు, వీళ్ళందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండానే ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. మిగిలినవారికి మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల ఆదాయ పరిమితి ఉంది. విశాఖపట్నం వంటి ఊళ్ళో ఈ జాబితాను చదివితే సగం నగరం కళ్ళ ముందు నిలుస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విషపు ఆవిరి ఇళ్ళలోకి పాకినప్పుడు దాన్ని పీల్చిన ప్రతి మనిషీ ఈ సెక్షను కిందికి వస్తాడు, అతని జీతం ఎంతైనా సరే. ఆ ఊరి నుంచి వేరే పని మీద నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయనకు ఈ సంగతి చెబితే, "మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేటమ్మా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇక ఉచితం అనే మాట దగ్గరికి వద్దాం. చట్టం కింద లభించే సహాయం వకీలుతో ఆగదు. కోర్టు ఫీజు, సమన్లు పంపడానికి కట్టే ప్రాసెస్ ఫీజు, టైపు ఖర్చు, సర్టిఫైడ్ నకళ్ళు, అప్పీలుకు కావలసిన కాగితాల తయారీ, అవసరమైతే అనువాదం, అన్నీ అందులో ఉన్నాయి. అంటే కాగితానికి సంబంధించిన ఖర్చునంతా ప్రభుత్వం మోస్తుంది. మనిషికి సంబంధించిన ఖర్చు మాత్రం మనిషికే వదిలేసింది. ఇంటి నుంచి కోర్టుకు వచ్చి, పిలుపు కోసం పొద్దు పోయేదాకా కూర్చుని, తిరిగి ఇంటికి చేరడానికి అయ్యే ఖర్చు ఏ పద్దులోనూ లేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చేవాడికి బత్తా, అంటే వచ్చిపోయే ఖర్చు, ఇవ్వవచ్చునని చట్టంలో ఉంది. కేసు ఎవరిదో ఆ మనిషికి మాత్రం లేదు. కేసు అతనిది కనుక ఖర్చూ అతనిదేనన్న తర్కం ఉన్నవాళ్ళ మధ్య వ్యాజ్యాలకు సరిపోతుంది. రోజు కూలి మీద బతికేవాడికి ఉచిత వకీలును ఇచ్చి అదే తర్కాన్ని అంటగట్టడం, ఆకలితో ఉన్నవాడికి విస్తరి వేసి వడ్డన మరిచిపోవడంలాంటిది.

ఆ చేపలమ్ముకునే ఆమె లెక్క చెబుతాను. వాయిదా ఉన్న రోజు ఆమె హార్బరుకు వెళ్ళేది కాదు. తెల్లవారుజామున చేపలు కొంటే మధ్యాహ్నం దాకా తిరిగితేగానీ అమ్ముడుపోవు, కోర్టులో మాత్రం పదిన్నరకు ఉండాలి. ఒక్కసారి మాత్రం కేసు ముందుగా పిలుస్తారన్న ఆశతో సరుకు కొని, ఐసు వేసి చెల్లెలి దగ్గర పెట్టి వచ్చింది. ఆ రోజు న్యాయమూర్తి సెలవులో ఉన్నారని తెలిసేసరికి పన్నెండయింది, కొత్త తేదీ చెప్పేసరికి మూడున్నర దాటింది. ఆ సరుకు ఏమయిందో నేను అడగలేదు. పిటిషను వేసిన రోజు నుంచి బకాయిల వసూలు దాకా నా డైరీలో ఆమె పేరు మీద 31 వాయిదాలున్నాయి. ఆమె మాట ప్రకారం రోజుకు ఆరువందల బేరం వేసుకుంటే 18,600 రూపాయలు. ఆటో ఛార్జీలు ఇందులో కలపలేదు. కోర్టు ఆమెకు నెలకు మంజూరు చేసిన మనోవర్తి 4,000. అంటే నాలుగున్నర నెలల మనోవర్తిని, అది చేతికి రాకముందే, ఆమె కోర్టుకు రావడానికే ఖర్చు పెట్టేసింది.

ఆమె కార్తీకమాసం ఎందుకడిగిందో ఈ లెక్క వేసుకున్నాక గానీ నాకు తెలియలేదు. ఆ నెల రోజులు సగం ఇళ్ళలో నీచు వండరు కనుక ఆమెకు బేరం ఎలాగూ ఉండదు. నిజానికి ఆమెకు అంతకన్నా తీరిక దొరికే కాలం ఇంకొకటి ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం, 61 రోజులు హార్బరు మూగబోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, మే నెలంతా సివిలు కోర్టులకు వేసవి సెలవులు. సముద్రం మూతపడిన నెలలో కోర్టు కూడా మూతపడుతుంది, సముద్రం తెరుచుకోగానే వాయిదాలు మొదలవుతాయి. ఎవరూ కావాలని చేసిన ఏర్పాటు కాదిది, ఎవరూ ఆలోచించకపోవడం వల్ల జరిగినది. పేదల విషయంలో జరిగే అన్యాయాల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకానివేనని నా అనుభవం.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఆ 31 వాయిదాల్లో ఆమె స్వయంగా హాజరు కావలసిన అవసరం నిజంగా ఎన్నిటికి ఉందని ఈ మధ్య డైరీ తిరగేశాను. సాక్ష్యం చెప్పిన రోజు, క్రాస్ ఎగ్జామినేషను రోజు, రాజీ ప్రయత్నానికి పిలిచిన రోజులు, అన్నీ కలిపి పది కూడా దాటలేదు. మిగిలినవి సమన్లు అందలేదనీ, అవతలివాళ్ళ జవాబు, అదే కౌంటరు, దాఖలు కాలేదనీ, అవతలి వకీలు గడువు అడిగాడనీ పోయిన తేదీలు. వాటికి నేను ఒక్కదాన్నే వెళ్ళి ఉంటే సరిపోయేది. అయినా ఆమెను రమ్మన్నాను. ఎందుకంటే కక్షిదారు వెనక నిలబడి ఉంటే వకీలుకు ధైర్యం. పిలిచినప్పుడు నేను వేరే కోర్టులో ఉంటే ఆమె లేచి నిలబడి "మా వకీలమ్మ వస్తోంది" అని చెబుతుంది, గైర్హాజరు కింద కేసు కొట్టేయకుండా కాపాడుతుంది. సీనియరు దగ్గర పని నేర్చుకున్న రోజుల నుంచీ "వాయిదాకు తప్పకుండా రావాలి" అని చెప్పడం మాకు నోటి అలవాటు. అందులో రెండు వాయిదాలకైతే, ఫీజిచ్చే కక్షిదారు పని మీద నేనే రాలేదు. జూనియరును పంపించి గడువు అడిగించాను, ఒక్కొక్కటీ నెల రోజులు పోయింది. ఆ రెండు రోజులూ ఆమె వచ్చింది. నా రాకపోకలకు ఆమె పూచీకత్తుగా కూర్చున్నదన్నమాట, అదీ తన ఖర్చు మీద.

ఉచిత సహాయం కేసులు చూసేందుకు జాబితాలో చేర్చిన మాలాంటి ప్యానెల్ వకీళ్ళ పనితనం గురించి బయట వినబడే విమర్శల్లో నిజముంది. ప్యానెల్‌లో మాకిచ్చే పారితోషికం స్వల్పం, అది చేతికి రావడం ఆలస్యం. దానివల్ల కొందరు ఈ కేసులను జూనియర్ల శిక్షణకు వాడుకుంటారు, కొందరు ఫీజు కేసుల మధ్య ఖాళీల్లో చూస్తారు. ఈ పరిస్థితిని మార్చడానికి 2022లో క్రిమినలు కేసుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి తెచ్చింది. నెల జీతం మీద పూర్తికాలం ఈ పనే చేసే వకీళ్ళు, ప్రైవేటు ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. నేను చూసినంతలో ఇది మంచి మార్పు. నిందితుడి తరఫున నిలబడేవాడికి అదొక్కటే పని అయినప్పుడు కేసు కట్టను చదివి వస్తాడు. అయితే ఈ పద్ధతి నిందితుల కోసం. మనోవర్తి, కూలి బకాయి, ఇంటి స్థలం తగాదా వంటి వాటికి పాత ప్యానెలే దిక్కు.

ఆమె కేసు లోక్ అదాలత్‌లో ముగిసింది. అప్పటికి బకాయి లక్షా 12 వేలు. ఆమె భర్త 60 వేలు రెండు విడతల్లో ఇస్తానన్నాడు. ఒప్పుకోమని సలహా ఇచ్చింది నేనే. "ఇంకెన్ని వాయిదాలు తిరుగుతావమ్మా" అన్నాను. వేదిక మీద "రాజీ మార్గమే రాజమార్గం" అన్న బ్యానరు, ఇద్దరి సంతకాలు, ఒక ఫొటో. ఆ రోజు పరిష్కారమైన కేసుల సంఖ్యలో మాదీ ఒకటి. లోక్ అదాలత్ అవార్డుకు సివిలు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు ఉంటే తిరిగి ఇచ్చేస్తారు. ఇవన్నీ మంచి లక్షణాలే. ఇద్దరికీ సమానంగా తీరిక, సమానంగా ఓపిక ఉన్నప్పుడు రాజీని మించినది లేదు. కానీ ఆ 52 వేలు ఎందుకు వదులుకున్నావని ఎవరైనా ఆమెను అడిగితే, న్యాయంగా తోచి వదులుకున్నానని చెప్పదు. తిరగలేక వదులుకుంది. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మనిషికీ బీమా కంపెనీకీ మధ్య రాజీ కూడా ఇలాంటిదే. కంపెనీకి మరో ఐదేళ్ళు వేచి ఉండడం ఒక ఫైలు బీరువాలో ఉండడమే, ఆవిడకు పిల్లల ఫీజు కట్టవలసిన జూన్ నెల ముందుంది. రాజీ పడిన కేసుల సంఖ్య ప్రకటించేటప్పుడు, రావలసిన దానిలో ఎంత వదులుకుని రాజీపడ్డారో కూడా ప్రకటిస్తే మన రాజమార్గం ఎవరి పొలం మీదుగా పోతున్నదో తెలుస్తుంది.

"గెలిచినవాడు ఇంట్లో ఏడ్చాడు, ఓడినవాడు కోర్టులో ఏడ్చాడు" అని మన పెద్దలు చెప్పిన సామెతను మా వకీళ్ళ గదిలో నవ్వుతూ చెప్పుకుంటాం. ఆ సామెత పుట్టించినవాడు బహుశా ఆస్తిపరుడై ఉండాలి. తీర్పు దాకా నిలవగలిగినవాళ్ళ గురించే అది మాట్లాడుతుంది.

వాయిదా ఖర్చు నగరంలో వాళ్ళకే ఇంత ఉంటే, కొండ మీద నుంచి వచ్చేవాళ్ళ పరిస్థితి వేరే చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అయినా ఏజెన్సీ మనుషులు అడవివరం దగ్గరి సెంట్రల్ జైలు కోసమో, గంజాయి కేసులు విచారించే ప్రత్యేక కోర్టు కోసమో విశాఖకు దిగుతూనే ఉన్నారు. ఆ జైల్లో గంజాయి కేసుల వాళ్ళు ఎంత మంది ఉంటారో ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. సరుకు ఎవరిదో, పెట్టుబడి ఎవరిదో వాళ్ళు దాదాపుగా ఎప్పుడూ దొరకరు. బస్తా మోసినవాడు దొరుకుతాడు.

అలా దొరికిన ఒక కుర్రవాడి తరఫున నేను బెయిలు పిటిషను వేశాను. బస్సులో 14 కిలోల సంచితో పట్టుబడ్డాడు. గంజాయి విషయంలో 20 కిలోలు దాటితేనే వాణిజ్య పరిమాణం, అప్పుడే బెయిలుకు మాదక ద్రవ్యాల చట్టం 37వ సెక్షను అడ్డుగోడ. అంతకు లోపు కనుక కొన్ని వారాల తర్వాత బెయిలు వచ్చింది, 20 వేల చొప్పున పూచీ ఇచ్చే ఇద్దరు జామీనుదారులు ఉండాలన్న షరతుతో. తండ్రి పెదబయలు దాటి లోపలి ఊరి నుంచి వచ్చాడు. ఆయనకు తెలుగు అంతంత మాత్రం. ఇంటి పన్ను రసీదు ఉందా అంటే లేదు. భూమి ఉందా అంటే ఉందని, ప్లాస్టిక్ సంచిలో మడిచి తెచ్చిన అటవీ హక్కుల పత్రం తీసి చూపించాడు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి వారసులకు చెందుతుందిగానీ అమ్మడానికీ బదిలీ చేయడానికీ వీలు లేదు. అమ్మడానికి వీల్లేని భూమి జామీనుకు చెల్లదని చెప్పి వెనక్కి పంపారు. అతని భూమిని కాపాడడానికి చట్టం పెట్టిన నిబంధనే అతని కొడుకును జైల్లో ఉంచింది. బెయిలు ఉత్తర్వు వచ్చిన తర్వాత ఆ అబ్బాయి ఇంకా 74 రోజులు లోపలే ఉన్నాడు. చివరికి షరతు సడలించమని మళ్ళీ పిటిషను వేస్తే ఒక్క జామీనుతో విడుదలయ్యాడు. ఆ పిటిషను మొదటి వారంలోనే వేయవలసింది నేను.

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1978లో మోతీరాం అనే ఒక పేద తాపీమేస్త్రీ కేసులో మధ్యప్రదేశ్‌లోని మేజిస్ట్రేటు 10 వేల జామీను అడిగి, పూచీకి వచ్చిన అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరిస్తే, సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తూర్పారబట్టారు. మరుసటి ఏడాది హుస్సైనారా ఖాతూన్ కేసులో, పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగా మగ్గిన బీహారు జైళ్ళలోని వాళ్ళ గురించి జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన ఉత్తర్వులతో ఉచిత న్యాయ సహాయం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమైంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి, నెల రోజుల్లో జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు, స్థానిక జామీను కోసం పట్టుబట్టవద్దు. 1978 నుంచీ మాటలు ఇంత బాగుండీ, 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ప్రతి నలుగురిలో ముగ్గురు.

జామీను సొమ్ము కట్టుకోలేని పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. విచారణ ఖైదీకి 40 వేల వరకు, జరిమానా కట్టలేని శిక్షాఖైదీకి 25 వేల వరకు ప్రభుత్వమే భరిస్తుందని అప్పుడు ప్రకటించారు. వార్త చదివిన రోజు నేను నిజంగా సంతోషించాను. తర్వాత మార్గదర్శకాలు చదివితే మనీ లాండరింగ్, అవినీతి నిరోధక చట్టం, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులతో పాటు మాదక ద్రవ్యాల చట్టం కింద ఉన్నవాళ్ళకు ఇది వర్తించదని ఉంది. కోట్లు దారి మళ్ళించినవాడినీ, ఐదువందల కూలికి సంచి మోసిన కొండ కుర్రవాణ్ణీ ఒకే వరుసలో నిలబెట్టి ఇద్దరికీ లేదన్నారు. దేశంలో మరెక్కడైనా ఈ మినహాయింపు చిన్న విషయం కావచ్చు, విశాఖ జైలు విషయంలో పథకంలో పెద్ద భాగాన్నే అది మినహాయించేసింది.

నా వాదనకు వకీళ్ళ గదిలో రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఉచితంగా వచ్చినదానికి మనిషి విలువ ఇవ్వడు, దాని మీద బత్తా కూడా ఇస్తే కేసులు పెంచుకుంటారన్నది మొదటిది. బత్తా కోసం వాయిదాకు వచ్చేవాణ్ణి నేనింకా చూడలేదు. ఆరువందల బేరం వదులుకుని మూడువందల బత్తాకు కోర్టు మెట్ల మీద కూర్చోవడం లాభసాటి అనుకునేవాడెవరైనా ఉంటే అతనికి సాయం మరింత అవసరం. రెండో అభ్యంతరం డబ్బు ఎక్కడిదని. ఇది గట్టి ప్రశ్నే. అయితే నేను కోరే మార్పుల్లో ఎక్కువ వాటికి డబ్బు అక్కర్లేదు. కక్షిదారు అవసరం లేని వాయిదాకు అతణ్ణి పిలవకూడదని ప్యానెల్ వకీలుకు నియమం పెట్టడానికి, క్రిమినలు కేసులో ప్రతిసారీ హాజరు మినహాయింపు పిటిషను వేయడం వకీలు బాధ్యతగా లెక్కించడానికి, ఉచిత సహాయం కేసులను మధ్యాహ్నం లోపు పిలవడానికి రూపాయి ఖర్చు లేదు. తర్వాతి తేదీ ఇప్పుడు ఫోనులోనే తెలుసుకోవచ్చు. ఆ సందేశం ఇంగ్లీషులో వస్తుంది, దాన్ని తెలుగులో పంపించడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. నిజంగా హాజరు కావలసిన పది రోజులకు మాత్రం దారి ఖర్చు, ఒక పూట కూలి ఇవ్వాలి. అందుకు డబ్బు కావాలి, అది అడగడానికి నాకు మొహమాటం లేదు.

పక్కన నిలబడి తిరిగేవాళ్ళుంటే ఏం జరుగుతుందో చూపే ఉదాహరణ ఉమ్మడి విశాఖ జిల్లాలోనే ఉంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజన భూములను గనుల కోసం లీజుకిచ్చిన వ్యవహారాన్ని 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కించింది. హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టుకు వెళ్ళి, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదన్న తీర్పు 1997 జూలైలో సాధించింది. ఆ తీర్పు గురించి మాట్లాడేటప్పుడు అందరూ గిరిజన ప్రాంతాల కోసం రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూలు గురించి, అక్కడి భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా చేసిన 1/70 చట్టం గురించి మాట్లాడతారు. నాకు తట్టేది వేరు. హైదరాబాదుకూ ఢిల్లీకీ ఆ వాయిదాలన్నిటికీ గ్రామస్థుడు తిరగవలసి ఉంటే ఆ కేసు మొదటి ఏడాదే అంతమయ్యేది. తిరిగే భారం ఒక సంస్థ మోసింది కనుక న్యాయసూత్రం గురించి వాదించే వీలు చిక్కింది.

దీనికి భిన్నమైన అనుభవం వాకపల్లిది. 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలంలోని ఆ ఊళ్ళో పదకొండు మంది కోదు తెగ స్త్రీలు, మావోయిస్టుల వేటకు ఏర్పాటైన గ్రేహౌండ్స్ పోలీసుల మీద సామూహిక అత్యాచారం ఆరోపణ చేశారు. విశాఖలోని ప్రత్యేక కోర్టు తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. విచారణ ఎదుర్కొన్న పోలీసులను నిర్దోషులుగా విడుదల చేస్తూనే, దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టు తప్పుపట్టి, బాధితులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇప్పించాలని ఆదేశించింది. దాదాపు 16 ఏళ్ళు. దర్యాప్తులో లోపం మొదటి వారాల్లో జరిగింది, న్యాయ సహాయం చేసే సంస్థ పేరు తీర్పు చివరి పేజీల్లో వచ్చింది. తొలి రోజున, ఠాణా గుమ్మం దగ్గర, వైద్య పరీక్ష జరిగే ఆసుపత్రి దగ్గర ఆ సంస్థ మనిషి ఒకరు ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. కానీ ఉండవలసిన చోటు అదేనని మాత్రం చెప్పగలను. అరెస్టయిన మనిషికైనా, అన్యాయానికి గురైన మనిషికైనా కేసు తలరాత మొదటి ఇరవైనాలుగు గంటల్లో కాగితం మీదికి ఎక్కుతుంది. ఛార్జిషీటు పడ్డాక వచ్చే వకీలు అప్పటికే రాసి ఉన్నదాన్ని దిద్దడానికి తంటాలు పడతాడు.

ఈ వ్యాసం చదివేవారిలో ఎవరికైనా, లేదా వాళ్ళింట్లో పనిచేసేవాళ్ళకైనా అవసరం పడవచ్చు కనుక చెబుతున్నాను. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ ఫోను నంబరు 15100. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం జగదాంబ జంక్షన్ దగ్గర జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు చుట్టూ తిరగనక్కరలేదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇస్తే చాలు, రాయడం రాకపోతే అక్కడున్న పారా లీగల్ వాలంటీరు రాసిపెడతాడు. వకీలును కేటాయించాక, అతను నచ్చకపోతే మార్చమని అడగవచ్చు. ప్రతి వాయిదాకు ముందురోజు ఆ వకీలుకు ఫోను చేసి "రేపు నేను రావాలా?" అని అడగండి. ఎందుకని అడిగితే నేను అడగమన్నానని చెప్పండి. ఈ ప్రశ్న నన్ను మొట్టమొదట అడిగిన కక్షిదారు ఒక తాపీమేస్త్రీ, పోయిన నెలలోనే. అక్కర్లేదని చెప్పాను. ఆ రోజు అవతలివాళ్ళు కౌంటరు వేయలేదు, కేసు ముందుకు కదల్లేదు, అతను మధురవాడలో స్లాబు పనికి వెళ్ళాడు.